పదిహేడు సెకన్ల సిద్ధాంత గ్రంథం

ఒక విషయం నిజంగా తెలిసినవారు దాన్ని నాలుగు ముక్కల్లో చెప్పగలరనీ, చెప్పలేకపోయారంటే వారికది సరిగా తెలియనట్టేననీ చదువుకున్నవారిలో ఒక నమ్మకం బలంగా ఉంది. చాలా నమ్మకాల లాగానే దీన్ని కూడా ఎవరూ పరీక్షించి చూడలేదు. రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయం రెండేళ్ళపాటు, తనకు తెలియకుండానే, ఆ పని చేసింది. ఆ పరీక్షలో చివరి నమూనా శివలీల.

శివలీల కీటక శాస్త్ర విభాగంలో పరిశోధక విద్యార్థిని. ఆమెకు తెలిసిన విషయం ఎర్ర గొంగళి పురుగు. ఏడాదిలో పది నెలలు అది గూడు కట్టుకుని నేలలో నిద్రపోతుంది. తొలకరి వాన నేలలోకి దిగాక ఒక సాయంత్రం రెక్కలు తొడుక్కుని లేచి, వేరుశనగ ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. గుడ్లు పగిలాక పుట్టిన గొంగళ్ళు చేను చేనంతా మేసి, గట్టు దాటి పక్క చేలోకి దండుగా నడిచిపోతాయి. రెక్కల పురుగులు లేచే ఆ ఒక్క సాయంత్రం ఊరంతా కలిసి గట్ల మీద మంటలు వేస్తే పురుగులన్నీ వచ్చి వాటిలో పడతాయని తాతలనాటి నుంచీ తెలుసు. ఆ సాయంత్రం ఏదన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ముందు రోజు వేసిన మంట వృథా. మర్నాడు వేసినదీ వృథా.

శివలీల ఐదు తొలకరులు చేలల్లో గడిపి ఆ లెక్క పట్టుకుంది. వాన నేలలోకి ఎంత లోతు దిగింది, నేల ఎర్రదా నల్లదా, వాన వెలిసిన తర్వాత ఎండ ఎన్ని గంటలు కాసింది అన్నవి చెబితే ఆమె సాయంత్రాన్ని చెప్పగలదు. ఐదేళ్ళలో నాలుగేళ్ళు సరిగ్గా చెప్పింది. చెప్పలేకపోయిన ఆ ఒక్క ఏడాది ఎందుకు చెప్పలేకపోయిందో తన గ్రంథంలో ముప్పై పేజీలు రాసింది. ఒక ప్రభుత్వ విత్తన క్షేత్రంలో కీటక శాస్త్రజ్ఞుల ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. జూన్ ఒకటో తేదీలోగా డాక్టరేటు పట్టా చూపితే అది ఆమెదే. గ్రంథం పూర్తయింది. మౌఖిక పరీక్ష ఒక్కటే మిగిలింది.

మౌఖిక పరీక్ష ఎక్కడ జరుగుతుందో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఉపకులపతిగారు విదేశీ పర్యటన నుంచి వస్తూ ఒక కరపత్రం తెచ్చారు. పరిశోధకులు ఉద్యోగాలు సంపాదించాలంటే విషయ పరిజ్ఞానం చాలదనీ, వృత్తి నైపుణ్యాలు కావాలనీ, లిఫ్టులో ఒక పెద్ద అధికారి తటస్థపడితే ఆ లిఫ్టు పైకి చేరేలోగా తన పరిశోధన సారాన్ని ఆయనకు చెప్పగలగాలనీ అందులో ఉంది. నెల తిరగకుండా పరిశోధక విద్యార్థుల వృత్తి వికాస నైపుణ్య సాధికారతా కేంద్రం వెలిసింది. దానికి సంచాలకులుగా ఆచార్య చిదానందరావుగారు నియమితులయ్యారు. ఆయన కరపత్రాన్ని శ్రద్ధగా చదివి, అందులోని ఒక లోపాన్ని పట్టుకున్నారు.

"లిఫ్టు పైకి చేరేలోగా అన్నారే తప్ప, ఏ లిఫ్టు, ఎంత వ్యవధి అన్నది నిర్దేశించలేదు. ప్రమాణం లేని నైపుణ్యం నైపుణ్యం కానేరదు," అన్నారాయన తొలి సమావేశంలో.

విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకటే లిఫ్టు ఉంది. మోకాళ్ళ నొప్పులున్న ఒక పూర్వ ఉపకులపతి కోసం దాన్ని పరిపాలనా భవనంలో పెట్టారు. కింది నుంచి మొదటి అంతస్తుకు వెళుతుంది. దానికి మరో అంతస్తు లేదు. వ్యవధి నిర్ధారణకు ముగ్గురు సభ్యుల సంఘాన్ని వేశారు. సంఘం మూడు నెలలు లిఫ్టెక్కి దిగింది. పైకి పదిహేడు సెకన్లు, కిందికి పదిహేను అని తేల్చి, ఎనభై నాలుగు పేజీల నివేదిక సమర్పించింది. పరిశోధన ఊర్ధ్వముఖంగా సాగవలసినదే కనుక పైకి పట్టే వ్యవధినే ప్రమాణంగా తీసుకోవాలని అందులో సిఫారసు. తలుపు మూసుకున్న క్షణం నుంచి తలుపు తెరుచుకున్న క్షణం వరకూ కాలం లెక్కకు వస్తుందని పదకొండో అనుబంధంలో స్పష్టం చేశారు.

ఆ తర్వాత ఒక్కొక్క ఉత్తర్వే వచ్చింది. ప్రతి పరిశోధక విద్యార్థీ పదిహేడు సెకన్ల ప్రసంగంలో అరవై గంటల శిక్షణ పొందాలి. శిక్షణలో తరగతి గది అనుభవం కృత్రిమమైనది కాబట్టి అభ్యాసం లిఫ్టులోనే జరగాలి. ఏడాది తర్వాత విద్యామండలిలో ఒక సభ్యుడు ఒక సందేహం లేవదీశాడు. పదిహేడు సెకన్లలో పరిశోధనంతా చెప్పగలమని మనమే శిక్షణ ఇస్తూ, మౌఖిక పరీక్షకు మూడు గంటలు ఎందుకు కేటాయిస్తున్నామని. మౌఖిక పరీక్షను లిఫ్టుకు మార్చారు.

లిఫ్టు నడిపేది ఖాజాపీరు. యాభై దాటిన మనిషి. ఊళ్ళో మూడెకరాల వేరుశనగ ఉంది. రోజుకు ఇరవైసార్లు పైకీ కిందికీ తిరిగిన లిఫ్టు ఇప్పుడు రెండువందలసార్లు తిరుగుతోంది. అది ఏదో ఒక రోజు మధ్యలో నిలబడిపోతుందని అతను రిజిస్ట్రారుకు అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ సంక్షిప్తంగా లేదని తిరిగి వచ్చింది. సగానికి తగ్గించి పెట్టాడు. మళ్ళీ తిరిగి వచ్చింది. మూడోసారి విసిగిపోయి "లిఫ్టు ఆగేట్టుంది" అని రెండే మాటలు రాసి ఇచ్చాడు. చిదానందరావుగారు దాన్ని చూసి ముగ్ధులై, క్లుప్తతకు ఆదర్శంగా పటం కట్టించి కేంద్రం గోడకు తగిలించారు.

"పటం బాగుండాది పాపా," అన్నాడు ఖాజాపీరు శివలీలతో ఒకరోజు, వరుసలో ఆమె వంతు వచ్చినప్పుడు. "రిపేరు జేసేవాడే రాలా."

"మళ్ళీ రాయకపోయినావా పీరన్నా?"

"ఇంగేం రాయల్ల? ఇంగొగ మాట తీసేస్తే లిఫ్టు అని మిగుల్తాది."

అతను అప్పటికి నూట ముప్పై పరిశోధనలు విన్నాడు. వాటిలో ఒక్కటీ తనకు ఎక్కలేదని నిజాయితీగా ఒప్పుకుంటాడు. తలుపు మూసుకునేటప్పుడు కాలు అడ్డం పెడితే అది మళ్ళీ తెరుచుకుని మూసుకోవడానికి ఆరు సెకన్లు పడుతుందనీ, అవి లెక్కలోకి రావనీ, గొంతు సవరించుకోవడానికి పనికొస్తాయనీ భయపడేవాళ్ళకు చెప్పి పంపేవాడు.

కేంద్రంలో శిక్షణ చిదానందరావుగారి స్వహస్తాల మీదుగా జరిగేది. చిరునవ్వుకు రెండు సెకన్లు, నమస్కారానికి రెండు, పేరుకు రెండు, ధన్యవాదాలకు రెండు. మిగిలిన తొమ్మిది సెకన్లు శాస్త్రానివి.

శివలీల తన తొమ్మిది సెకన్లు చదివింది. "తొలకరి వాన తర్వాత ఎర్ర గొంగళి పురుగు ఏ సాయంత్రం లేస్తుందో నేల తడి లోతును బట్టి ముందే చెప్పవచ్చు."

చిదానందరావుగారు కళ్ళు మూసుకుని విన్నారు. "అమ్మా, ఇందులో పురుగు ఉంది."

"పురుగు మీదే కదా సార్ పరిశోధన."

"అది ప్రతికూల పదం. ఊర్ధ్వముఖంగా ప్రయాణిస్తున్న అధికారి మనస్సులో మనం పురుగును ప్రవేశపెట్టరాదు. గొంగళి అంటే ఆయనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ జలదరింపుకు ఒక సెకను వృథా. దాన్ని 'క్షేత్రస్థాయి సవాలు' అందాం."

"మరి నేల తడి లోతు?"

"వివరం. వివరం ప్రసంగానికి శత్రువు. 'సమగ్ర దృక్పథం' అంటే నేలా, తడీ, లోతూ అన్నీ వచ్చేశాయిగా."

"సాయంత్రం మాత్రం ఉంచండి సార్. అసలు కనిపెట్టింది అదే."

ఆయన జాలిగా చూశారు. "సాయంత్రం అంటే అస్తమయం. ఉద్యోగం ఇచ్చేవాడికి అస్తమయం గురించి చెబుతామా? 'సరైన సమయం' అను."

అలా తయారైన వాక్యం ఇది: "క్షేత్రస్థాయి సవాళ్ళను సమగ్ర దృక్పథంతో సరైన సమయంలో ఎదుర్కొని రైతు భవితకు వెలుగు నింపడమే నా పరిశోధన." కేంద్రం దానికి పదికి తొమ్మిది మార్కులిచ్చింది. పదికి పది వచ్చింది లోహిత్ అనే విద్యార్థికి. అతని ప్రసంగం పదహారు సెకన్లలోనే ముగిసింది: "నేలను నమ్మాను. నేల నన్ను నమ్మింది." అతని పరిశోధన దేని మీద అన్నది ఎవరూ అడగలేదు. అడిగే సమయమూ లేదు. అతనికి మార్చిలోనే పట్టా వచ్చింది.

శివలీల తన మార్గదర్శకుడు ఆచార్య రుద్రమూర్తి దగ్గరికి వెళ్ళింది. ఆయన పదవీ విరమణకు రెండేళ్ళుంది.

"సార్, నేను చెప్పేదాంట్లో నా పరిశోధన లేదు."

"నీ గ్రంథంలో ఉంది గదమ్మా."

"గ్రంథం ఎవురు చదువుతారు సార్?"

"పరీక్షకుడు చదువుతాడు. వీరభద్రరావుగారని గుంటూరు వైపాయన. పాతకాలం మనిషి, మొత్తం చదువుతాడు." రుద్రమూర్తి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు గొడవ పడితే తేదీ జూలైకి పోతాది. ఉద్యోగం పోతాది. ఆ పదిహేడు సెకన్లు నవ్వుతా చెప్పేసి బయటపడు. తల్లీ, నీకు పుణ్యముంటాది."

మే ఇరవై ఎనిమిదిన పరీక్ష. లిఫ్టులో నలుగురికి మించి పట్టరు. ఖాజాపీరు ఒకడు, అభ్యర్థిని ఒకరు, బయటి పరీక్షకులు ఒకరు, కాలం లెక్కించడానికి చిదానందరావుగారు ఒకరు. మార్గదర్శకుడు మెట్లెక్కి పైన తలుపు దగ్గర నిలబడాలని నిబంధన. రుద్రమూర్తి ముందే వెళ్ళి నిలబడ్డాడు.

వీరభద్రరావుగారి చేతిలో శివలీల గ్రంథం ఉంది. దాని అంచుల నిండా పచ్చకాగితాల గుర్తులు.

"ఇక్కడేనా అండీ? హాల్లో కాదా?"

"పరిశోధనను నిజజీవన పరిస్థితుల్లో మూల్యాంకనం చేయడం మా కేంద్రం విశిష్టత," అన్నారు చిదానందరావుగారు స్టాప్‌వాచీ సర్దుకుంటూ.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు తలుపు మూసుకుంది. శివలీల నవ్వింది. నమస్కరించింది. పేరు చెప్పింది. "క్షేత్రస్థాయి సవాళ్ళను సమగ్ర దృక్పథంతో..." అనే చోట లిఫ్టు పెద్దగా మూలిగి నిలబడిపోయింది. దీపం ఆరింది. పైన ఉన్న జాలీలోంచి కొంచెం వెలుతురు పడుతోంది.

"ఆగింది," అన్నాడు ఖాజాపీరు. అతని గొంతులో ఆశ్చర్యం లేదు.

పైనుంచి రుద్రమూర్తి అరుపు వినిపించింది. "ఏమైంది? పాసయిందా?"

లిఫ్టు బాగుచేసే మనిషి పట్నం నుంచి రావాలనీ, బయలుదేరాడనీ కాసేపటికి కబురు అరిచారు. చిదానందరావుగారు వాచీ ఆపలేదు. తలుపు తెరుచుకోలేదు కనుక ఆపే అధికారం తనకు లేదన్నారు.

వీరభద్రరావుగారు గ్రంథాన్ని ఒళ్ళో పెట్టుకుని కిందనే చతికిలబడ్డారు. "అమ్మాయ్, ఇందాక నువ్వు చెప్పిందాంట్లో పురుగేదీ? నేను నాలుగొందల పేజీలు పురుగు గురించి చదివొచ్చానే! ఇంకో అమ్మాయి గ్రంథం గానీ చదివానా అని కంగారేసింది."

"అదే సార్ నాది."

"అయితే చెప్పు. నూట పన్నెండో పేజీలో నల్లనేలలో ఒకరోజు ఆలస్యం అన్నావు. ఎందుకూ?"

శివలీల చిదానందరావుగారి వైపు చూసింది. ఆయన వాచీ వైపు చూస్తున్నారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎర్రనేలలో మూడో సాయంత్రం లేస్తుందనీ, నల్లనేల తడిసి ఉబ్బితే పైపొర బిగుసుకుంటుందనీ, అది పగుళ్ళిచ్చేదాకా పురుగు లోపలే ఆగుతుందనీ, అందుకే అక్కడ వాన వెలిసిన తర్వాత కాసిన ఎండ గంటలను కూడా లెక్కలోకి తీసుకోవాలనీ చెప్పింది. వీరభద్రరావుగారు అడ్డుపడ్డారు. ఆమె తిప్పికొట్టింది. ఆయన ఇంకో పేజీ తీశారు, వెలుతురు చాలక మూసి, నోటితోనే అడిగారు. తప్పిపోయిన ఏడాది సంగతి వచ్చింది. ఆ ఏడు వాన రెండు విడతలుగా పడిందనీ, తాను మొదటి విడత నుంచి లెక్క కట్టాననీ, అది తన పొరపాటేననీ ఆమె ఒప్పుకుంది.

"ఒప్పుకున్నావు. బావుంది," అన్నారాయన. "ముప్పై ఏళ్ళలో నేను పరీక్షించినవాళ్ళల్లో ఇద్దరే ఒప్పుకున్నారు."

ఖాజాపీరు ఇంతసేపూ వింటూ ఉన్నాడు. "పాపా, ఎర్రనేలలో మూడో సాయంత్రం అంటివే. మాది గరుగు నేల. దాని సంగతేంది?"

"గులకరాళ్ళుంటాయా పీరన్నా?"

"రాళ్ళే ఎక్కువ, మన్ను తక్కువ."

"అయితే తడి తొందరగా దిగుతాది. వాన వెలిసినాక గడ్డపారతో ఒక మూర లోతు తవ్వి చూడు. అడుగు దాకా తడి ఉంటే రెండో సాయంత్రమే లేస్తాయి. సగానికే ఉంటే ఇంకో వాన దాకా లేవవు, ఊరికే మంటలు పెట్టద్దు."

"గట్టు మీద పెట్టల్లనా, చేను మధ్యలోనా?"

"గట్టు మీదే. పురుగు గట్టు పక్కనే, చెట్ల నీడలోనే పండుకోనుంటాది. పొద్దు మునిగినంక ఒక గంట లోపల. ఒగడు పెడితే చాలదు, ఊరంతా పెట్టల్ల."

"మా ఊరోళ్ళు ఒగని మాట ఇంగొగడు వింటారా!"

"నీ మాట వినరా? నూట నలభై మూడు డాక్టరేట్లు ఇచ్చినోడివి."

వీరభద్రరావుగారు పెద్దగా నవ్వారు. ఖాజాపీరు కూడా నవ్వాడు. చిదానందరావుగారు నవ్వలేదు గాని, వాచీ మీంచి తల ఎత్తారు.

"అమ్మా, ఇదంతా చాలా ఉపయుక్తంగా ఉంది. మీ పదిహేడు సెకన్లలో ఇది ఎందుకు చేర్చలేదు?"

"చేర్చినా సార్. మీరే తీసేసినారు. పురుగు ప్రతికూల పదమన్నారు."

ఒంటి గంటా ఆరు నిమిషాలకు, బాగుచేసే మనిషి పైన చక్రం చేత్తో తిప్పితే, లిఫ్టు ఒక్కసారి కుదుపు ఇచ్చి పైకి పాకింది. తలుపు తెరుచుకుంది. రుద్రమూర్తి చెవి తలుపుకు ఆనించి ఉన్నాడు, పడబోయి నిలదొక్కుకున్నాడు. చిదానందరావుగారు వాచీ ఆపారు.

"ఆరువేల మూడువందల అరవై సెకన్లు," అన్నారు.

వీరభద్రరావుగారు పత్రం అందుకుని ఉత్తీర్ణురాలు అన్న చోట సంతకం చేయబోయారు. చిదానందరావుగారు సవినయంగా అడ్డుకున్నారు.

"క్షమించాలి. వ్యవధి మించినప్పుడు ఆ గడి తమకు అందుబాటులో ఉండదు."

"లిఫ్టు ఆగింది కదండీ! అమ్మాయి తప్పా?"

"తప్పొప్పుల ప్రసక్తి లేదు. పదకొండో అనుబంధం ప్రకారం తలుపు నుంచి తలుపు వరకూ."

"అయితే ఈ పిల్ల తలుపు నుంచి తలుపు వరకే మాట్లాడింది. ఒక్క ముక్క బయట మాట్లాడలేదు. మీ అనుబంధం ప్రకారమే పాసు చేయండి."

చిదానందరావుగారు ఆలోచనలో పడ్డారు. ఇది మౌలికమైన ప్రశ్న అని అంగీకరించారు. మౌలికమైన ప్రశ్న కనుక సంఘానికి నివేదించారు. అభిప్రాయాల గడిలో వీరభద్రరావుగారు "నేను చదివిన మంచి గ్రంథాల్లో ఇదొకటి, ఈ అమ్మాయికి విషయం" అని రాసేసరికి గడి నిండిపోయింది.

సంఘం మే ముప్పై ఒకటిన సమావేశమైంది. రుద్రమూర్తి శివలీలతో కలిసి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లోపల రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ప్రమాణం పదిహేడు సెకన్లు అని ఒక వర్గం. ప్రమాణం లిఫ్టు ప్రయాణమే తప్ప సెకన్లు కాదని మరో వర్గం. సాయంత్రానికి గణిత శాస్త్ర సభ్యుడు ఇద్దరికీ సమ్మతమైన మార్గం చూపాడు. ఇంతవరకూ జరిగిన నూట నలభై నాలుగు ప్రయాణాల సగటు తీస్తే అరవై ఒక్క సెకన్లు వస్తుంది. ఇకపై అదే ప్రమాణం. పూర్వపు నూట నలభై మూడు మంది పట్టాలు యథాతథంగా ఉంటాయి. లోటుపడిన నలభై నాలుగు సెకన్లను వారు వీలునుబట్టి వచ్చి పూరించవచ్చు. శివలీల కొత్త ప్రమాణాన్ని కూడా అతిక్రమించింది.

"ఎంత మించిందమ్మా?" అని అడిగాడు రుద్రమూర్తి, తీర్మానం చదివి వినిపించాక.

"ఆరువేల రెండువందల తొంభై తొమ్మిది సెకన్లు సార్."

"నవ్వుతా బయటపడు అంటిని గదా."

"నవ్వినా సార్. మొదటి రెండు సెకన్లు."

జూన్ ఒకటిన విత్తన క్షేత్రంలో కీటక శాస్త్రజ్ఞుడుగా లోహిత్ చేరాడు.

జూన్ తొమ్మిదిన తొలకరి పడింది. వాన వెలిసిన తర్వాత ఖాజాపీరు తన చేలో గడ్డపారతో మూర లోతు తవ్వి చూశాడు. అడుగు దాకా తడి ఉంది. మర్నాటి సాయంత్రం అతని ఊళ్ళో, పొద్దు మునిగిన గంటలోపు, ప్రతి గట్టు మీదా మంట వెలిగింది. జూలై మొదటి వారంలో వ్యవసాయ శాఖ వేసిన అంచనా ప్రకారం ఆ మండలంలో రెండువేల మూడువందల ఎకరాల వేరుశనగను ఎర్ర గొంగళి తిన్నది. అందులో విత్తన క్షేత్రానివి నలభై ఎకరాలు. ఖాజాపీరు ఊరి పేరు ఎదుట సున్న ఉంది.

వృత్తి వికాస నైపుణ్య సాధికారతా కేంద్రం రిజిస్టరులో నూట నలభై నాలుగో వరుసలో ఇలా ఉంది. అభ్యర్థి: శివలీల. విషయం: క్షేత్రస్థాయి సవాలు. నిర్దేశిత వ్యవధి: అరవై ఒక్క సెకన్లు. తీసుకున్న వ్యవధి: ఆరువేల మూడువందల అరవై సెకన్లు. ఫలితం: మళ్ళీ హాజరు కావలెను. తేదీ: లిఫ్టు బాగైన తర్వాత.